మాట కాపురముండే ఇళ్ళు

జెకర్యా మాస్టారి కబురు మా ఇంటికి మొదట తెచ్చింది పక్కవాటా ఖైరున్నీసా అక్క. వాళ్ళాయన వన్‌టౌన్‌లో బట్టల వీధి మలుపులో కూర్చుని రఫూ పని చేసేవాడు. ఎలుక కొట్టిన పట్టుచీర, మేకుకి తగులుకుని చిరిగిన కోటు, నిప్పురవ్వ పడిన ప్యాంటు, ఏది తెచ్చినా అదే గుడ్డ అంచులోంచి దారం లాగి, చిరుగు ఎక్కడుందో వెతుక్కునేలా అల్లేవాడు. ఒక మధ్యాహ్నం మేము బియ్యం ఏరుకుంటుంటే అక్క గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"టీచరమ్మా, పటమటలో మీవాళ్ళ పంతులుగారు ఒకాయన ఉన్నారంట. కోటు బాగుచేయించుకోడానికి మా ఆయన దగ్గరికొచ్చారు. చూపు సరిగా ఆనట్లేదంట. చదివిపెట్టే మనిషి కోసం చూస్తన్నారంట. మీ పిల్ల ఎట్టాగూ ఇంట్లో పుస్తకం పట్టుకునే ఉంటదిగా," అంది.

"ఏం చదవాలంట?" అని అడిగింది పిన్ని, చేటలోంచి తలెత్తకుండా.

"మీ బైబిలేనంట. కాకపోతే మాలాగా కుడి పక్క నుంచి చదువుతారంట."

పిన్ని చేట కింద పెట్టింది. "కుడి పక్క నుంచి చదివే బైబిలు ఎక్కడుందే తల్లీ. ఇన్నేళ్ళుగా మేం చదువుతున్నది ఏంటి మరి?"

"ఏమో టీచరమ్మా. ఆయన మా ఆయనతో అన్నమాట నేను చెప్తన్నా. నన్ను కొట్టకు," అని నవ్వుతూ వెళ్ళిపోయింది అక్క.

ఇవన్నీ ఇప్పుడు రాయడానికి కారణం చిన్నదే. ఈ కొత్త సంవత్సరానికి మా సంఘంవాళ్ళు వాగ్దానపు కార్డుల్ని ఫోనుకే పంపారు. తెర మీద వేలు పెడితే గులాబీ ఒకటి విచ్చుకుని, మధ్యలోంచి ఒక వాక్యం వస్తుంది. తెలియనివారి కోసం చెప్తాను. జనవరి ఒకటి పొద్దున ఆరాధన అయ్యాక, వాక్యాలు అచ్చువేసిన చిన్న చిన్న కార్డుల్ని పళ్ళెంలో బోర్లించి పెట్టేవారు. ఒక్కొక్కరు వరుసగా వెళ్ళి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని ఒకటి తీసుకోవాలి. ఆ సంవత్సరానికి దేవుడు తనకిచ్చిన మాట అదేనని నమ్మకం. ఆ కార్డుని అద్దం చట్రంలోనో, బీరువా తలుపు లోపలో, దుకాణం గల్లాపెట్టె మూతకో అంటించుకునేవాళ్ళం. మంచి వాక్యం వచ్చినవాళ్ళు నలుగురికీ చూపించుకునేవారు. గద్దింపు మాట వచ్చినవాళ్ళు మడిచి బైబిల్లో దాచుకునేవారు. ఈసారి నా ఫోనులో గులాబీలోంచి వచ్చిన వాక్యం, ఒకప్పుడు మా మార్తమ్మ పిన్ని పళ్ళెంలోంచి తీసుకున్న వాక్యం ఒకటే. నిన్ను స్వస్థపరిచేవాణ్ణి నేనేనని దేవుడు చెప్పుకున్న మాట. ఆ ఒక్క మాట మా ఇంట్లో చేసిన పని చెప్పాలంటే ముందు ఇల్లు చెప్పాలి.

నన్ను కన్న కొద్దికాలానికే మా అమ్మ పోయింది. నాన్నకి ఇబ్రహీంపట్నంలో షిఫ్టు డ్యూటీలు. ఎప్పుడు ఇంట్లో ఉంటాడో ఎప్పుడు ఉండడో ఆయనకే తెలియదు. అందుకని అమ్మ చెల్లెలు మార్తమ్మ పిన్ని నన్ను విజయవాడ తెచ్చేసుకుంది. నాకు పుట్టుకతోనే ఉబ్బసం. బడికి పంపితే నెలలో సగం రోజులు మంచం మీదే. పిన్ని అప్పటికి ఒక మిషన్ బడిలో టీచరు. ఆ ఉద్యోగం మానేసి, మా ఇంటి వెనక వరండానే బడి చేసింది. ఉద్యోగం మానేశానని ఆమె ఎన్నడూ నాతో అనలేదు. బాబాయి ఒకసారి మాటవరసకి అంటే తెలిసింది. ఈ రోజు నేను నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ వరండా పుణ్యం. బాబాయి బట్టల టోకు దుకాణంలో గుమాస్తా. సాయంత్రం ఆయన వస్తే ఇంట్లోకి కొత్త బట్ట గంజి వాసన వచ్చేది. నాకు ఊపిరి ఆడని రోజుల్లో పిన్ని కిరోసిన్ స్టవ్ మీద నీళ్ళు మరిగించి నీలగిరి తైలం వేసి ఆవిరి పట్టించేది. గంజి, కిరోసిను, నీలగిరి, ఈ మూడు వాసనలు కలిసి ఎక్కడైనా తగిలితే నాకిప్పటికీ అది మా ఇల్లే.

పొద్దున్నే కుటుంబ ప్రార్థన. కీర్తన ఒకటి పాడాక, వంతులవారీగా చదవడం. బాబాయి ఒక వచనం, పిన్ని ఒక వచనం, నేను ఒక వచనం. మళ్ళీ బాబాయి. అలా అధ్యాయం పూర్తయ్యేదాకా. మా క్రైస్తవుల ఇళ్ళల్లో ఇది చాలామందికి ఉన్న అలవాటే. కానీ మా ఇంట్లో దాని తర్వాత ఇంకొకటి ఉండేది. పిన్ని పుస్తకం మూసి ప్రశ్నలు వేసేది. ఎవరన్నారు, ఎవరితో అన్నారు, ఎక్కడ నిలబడి అన్నారు, తర్వాత ఏం జరిగింది. బడి మానేసినా బడిపంతులు బుద్ధి మానలేదని బాబాయి ఏడిపించేవాడు. జవాబు చెప్పకపోతే కాఫీ ఆలస్యమయ్యేది కాబట్టి ఆయన కూడా బుద్ధిగా చెప్పేవాడు. "దావీదు గొర్రెలకి పేరు పెట్టలేదు మార్తా, పెడితే అదీ అడిగేదానివి," అని ఒకసారి అంటే పిన్ని కూడా నవ్వాపుకోలేకపోయింది.

నన్ను పటమట పంపించే ముందు పిన్ని తానే నాతో వచ్చి మాస్టారిని చూసింది. చూడడం కాదు, పరీక్ష పెట్టింది. ఆయన పాస్టర్లకి శిక్షణనిచ్చే బడిలో పాతనిబంధన చెప్పి రిటైరైన మనిషి. చక్కెర జబ్బుతో చూపు మసకబారింది. ఆయన భార్య మాకు మజ్జిగ ఇచ్చి గోడవారగా కూర్చుంది. పిన్ని నేరుగా అడిగేసింది.

"మా పిల్లకి ఏం నేర్పుతారండీ? మన తెలుగు బైబిల్లో తప్పులున్నాయని చెప్తారా?"

"లేదమ్మా. తెలుగు చేసినవాళ్ళు నాకంటే మోకాళ్ళ మీద ఎక్కువసేపు ఉన్నవాళ్ళు," అన్నారు మాస్టారు. "కానీ ఒక మాట మొదట ఏ ఊళ్ళో పుట్టిందో తెలిస్తే, మన ఊరొచ్చాక దాని నడక ఇంకా బాగా అర్థమవుద్ది. అంతే."

పిన్ని ఆ జవాబుకి సగం మార్కులు వేసిందని బస్సులో నాకు అర్థమైంది. మొత్తానికి గురువారం మధ్యాహ్నాలు నేను పటమట వెళ్ళడం మొదలైంది. నేను ఆయనకి చదివిపెట్టాలి, ఆయన నాకు పాతనిబంధన మొదట రాసిన హెబ్రీ భాష అక్షరాలు, కుడి నుంచి ఎడమకి చదివేవి, నేర్పాలి. మాకు మేము అనుకున్న ఒప్పందం అది. ఆయన దగ్గర ఇటుకంత లావు పుస్తకం ఒకటి ఉండేది. బైబిల్లో ఏ మాట ఎక్కడెక్కడ వచ్చిందో అన్నీ చీమతలకాయంత అక్షరాల్లో ఉండేవి. ఒక మాట తీసుకుంటే, అది ఉన్న చోట్లన్నిటికీ ఒకటి తర్వాత ఒకటిగా వెళ్ళి, ఆ చోట చుట్టూ ఉన్న కథంతా చదివి, అప్పుడుగానీ దాని అర్థం గురించి నోరు విప్పకూడదు. అది ఆయన నియమం.

"మాట కాపురముండే ఇళ్ళన్నీ తిరగాలమ్మా. ఒక్క ఇంట్లో చూసొచ్చి ఇదీ దాని స్వభావం అంటే ఎట్టా? పండగపూట చూస్తే అందరూ మంచివాళ్ళే," అనేవారు.

నేను మొదట తిరిగిన మాట మన బైబిల్లో ప్రాణము అని ఉండే మాట. హెబ్రీలో నెఫెష్ అంటారు. ప్రాణం అంటే గుండెలో ఎక్కడో కనపడకుండా దీపంలా ఉండేదని అనుకునేదాన్ని. వారాల తరబడి ఇళ్ళు తిరిగాక తెలిసిందేమిటంటే, ఆ మాట పాత వాడుకలో కొన్నిచోట్ల గొంతు. ఊపిరి, దాహం, ఆకలి దిగే దారి. నీళ్ళు నా ప్రాణం దాకా వచ్చాయని కీర్తనలో ఒకాయన మొరపెట్టుకుంటాడు. అంటే పీక దాకా వచ్చాయని. ఊపిరి గొంతులో ఇరుక్కుని, మంచం పట్టె పట్టుకుని కూర్చున్న నా పగళ్ళన్నీ ఆ కీర్తనలో ఉన్నట్టనిపించింది. బైబిల్లో నాలాంటి ఉబ్బసం మనిషి గొంతుకి కూడా ఒక మాట ఉందని నాకంతవరకు తెలియదు. ఇంటికొచ్చి పిన్నికి చెప్తే ఆమె చాలాసేపు నా వీపు రాస్తూ కూర్చుంది. మాస్టారికి మిగతా సగం మార్కులు ఆ రోజు పడ్డాయి.

ఆ తర్వాత వచ్చిన జనవరిలోనే పిన్నికి ఆ కార్డు వచ్చింది. అప్పటికి ఆమె ఎడమ రొమ్ములో గడ్డ ఉంది. ఉందని ఆమెకి తప్ప మాకెవ్వరికీ తెలియదు. క్రిస్మసు ముందు ఒక లేడీ డాక్టరు చూసి, ఆలస్యం చేయకుండా ఆపరేషన్ చేయించుకోమని చెప్పిందట. పండగ వెళ్ళనిమ్మని పిన్ని ఊరుకుంది. పళ్ళెంలోంచి ఆ వాక్యం వచ్చేసరికి ఆమెకి ఇంకేం అడగాల్సిన అవసరం లేదనిపించింది. అంతటితో ఆగితే వేరే సంగతి. ఆ వచ్చే ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచి నిలబడి, తనకి గడ్డ ఉందని, దేవుడు తానే స్వస్థపరుస్తానని మాటిచ్చాడని, తాను కత్తి జోలికి వెళ్ళనని అందరి ముందూ చెప్పేసింది. మేము గడ్డ సంగతి విన్నది అక్కడే, సంఘంతో పాటు. మగవాళ్ళ వైపు కూర్చున్న బాబాయి మొహం నేను ఇటు నుంచి చూశాను. చుట్టూ స్తోత్రాలు, చప్పట్లు. ఆయన మాత్రం చెప్పు తెగినవాడిలా కిందకి చూస్తూ కూర్చున్నాడు.

స్వస్థత పొందాక సాక్ష్యం చెప్పడం మామూలు. పిన్ని పొందకముందే చెప్పేసింది. మావాళ్ళలో ఇలా విశ్వాసంతో ముందే చెప్పడం గొప్పగా అనుకునేవారు. చెప్పాక వెనక్కి రావడానికి దారి ఉండదు. ఆసుపత్రికి వెళ్తే దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టవుతుందని ఆమె భయం. బాబాయి రెండుసార్లు బతిమిలాడాడు, ఒకసారి కోప్పడ్డాడు, తర్వాత అన్నం దగ్గర మాట్లాడడం మానేశాడు. గడ్డ మాత్రం పెరుగుతోంది. తల దువ్వుకునేటప్పుడు ఎడమచెయ్యి పైకెత్తలేక, తల వంచి జడ వేసుకోవడం మొదలుపెట్టింది. నేను వేస్తానంటే వద్దనేది. నాకు ఈ లోకంలో అమ్మంటే ఆమే. ఆమె వాక్యాన్ని నమ్మి చచ్చిపోతుందేమోనని పగలంతా భయం. ఆ భయంతోనే మాస్టారిని, ఈసారి స్వస్థత అన్న మాట ఇళ్ళు తిరుగుదామని అడిగాను. ఎందుకో చెప్పలేదు. ఆయన కారణం అడగలేదు.

ఆ మాట రాఫా. ఇళ్ళు తిరిగాం. పడగొట్టిన బలిపీఠాన్ని ఏలీయా బాగుచేశాడన్న చోట అదే మాట. ఐగుప్తులో యాకోబు శవానికి సుగంధద్రవ్యాలు పట్టించిన వైద్యులకి కూడా అదే మాట. వైద్యుడంటే రాఫా చేసేవాడు. అరబ్బీలో దీని తోబుట్టువు మాట ఒకటి ఉందని, దానికి చిరుగు కుట్టి అతకడమని అర్థమని మాస్టారి నిఘంటువులో ఉంది. పక్కింట్లో రోజూ వినపడే రఫూ అక్కడ కనపడింది. ఇంకేముంది, గెలిచాననుకున్నాను. ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టాను.

"పిన్నీ, దేవుడు తన్ను తాను చెప్పుకున్న మాటా, డాక్టరుకి వాడే మాటా ఒకటే, రాఫా. డాక్టరు దగ్గరికెళ్తే ఆయన్ని కాదన్నట్టు కాదు."

పిన్ని గోంగూర తుంచుతోంది. ఆకు ఆకు తుంచుతూనే అంది. "ఆసా రాజుకి పాదాల్లో జబ్బు చేసింది. దేవుడి దగ్గరికి పోకుండా వైద్యుల దగ్గరికి పోయాడు. ఏమయ్యాడు?"

నేను వంగి చెప్పులు విప్పడం మొదలుపెట్టాను.

"నిన్నే అడిగేది. ఏమయ్యాడు?"

"చచ్చిపోయాడు."

"అక్కడ వైద్యులన్న చోట కూడా నీ రాఫానే ఉందా?"

"ఉంది."

"మరి ఆ ఇంటికి వెళ్ళలేదా మీ మాస్టారూ నువ్వూ?" అంది. గొంతు తగ్గించి, "మాటకి అర్థం మారిస్తే గడ్డ మారుద్దా అమ్మడూ. నా కోసం భయపడుతున్నావని నాకు తెలుసు. వాక్యంతో మాత్రం నన్ను కొట్టబాక," అంది.

తర్వాతి గురువారం మాస్టారికి అంతా చెప్పేశాను. కార్డు, సాక్ష్యం, గడ్డ, ఆసా. ఆయన మొదట నవ్వారు, తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"మీ పిన్నిగారే గెలిచారు. మాట పట్టుకుని వాదిస్తే ఇట్టాగే అవుద్ది. మాటలు అటూ సాక్ష్యం చెప్తాయి, ఇటూ చెప్తాయి," అన్నారు. "కార్డు మీద ఎంత ఉంది? ఒక్క వాక్యం. అది కూడా సగం. దాన్ని ఏ అధ్యాయంలోంచి కత్తిరించారో అక్కడికి ఆమెని తీసుకెళ్ళు. నువ్వేమీ చెప్పబాక. చదవమను. మీ ఇంట్లో ఎట్టా చదువుతారో అట్టాగే."

మా కుటుంబ ప్రార్థనలో ఆ రోజుల్లో కీర్తనలు చదువుతున్నాం. మర్నాడు పొద్దున, నేను చదవాలనుకుంటున్నది ఒకటుందని చెప్పి నిర్గమకాండం తెరిచాను. పిన్ని నా వైపు చూసింది. ఎందుకో ఆమెకి తెలిసే ఉంటుంది. కాదనలేదు. ఎర్రసముద్రం దాటాక వచ్చే భాగం. వంతులు మొదలయ్యాయి. జనం ఎడారిలో నీళ్ళు దొరక్క నడవడం, మారా అన్న చోట నీళ్ళు చేదుగా ఉండడం, జనం మోషే మీద సణగడం. దేవుడు మోషేకి ఒక చెట్టు చూపించడం, నీళ్ళు మధురమవడం. ఆ తర్వాత పిన్ని వంతుకి, అద్దం చట్రంలో ఉన్న ఆ మాట వచ్చింది. ఆమె దాన్ని తడబడకుండా చదివింది. ఆఖరుది నాది. వాళ్ళు ఏలీముకి వచ్చి నీటి ఊటల దగ్గర, ఈతచెట్ల దగ్గర దిగారు.

పుస్తకం మూసి, అలవాటు కొద్దీ పిన్ని ప్రశ్నలు మొదలుపెట్టింది. ఏ రోజూ మానని పని, ఆ రోజూ మానలేదు.

"నీళ్ళు చేదని ఎవరన్నారు?"

"జనం," అన్నాడు బాబాయి.

"మోషే ఏం చేశాడు?"

"మొరపెట్టాడు," అన్నాను.

"చెట్టు ఎవరు చూపించారు?"

"దేవుడు."

"నీళ్ళలో ఎవరు వేశారు?"

"మోషే."

తర్వాతి ప్రశ్న రాలేదు. పిన్ని ఎదురుగోడ వైపు చూస్తూ ఉండిపోయింది. వెనకవైపు ఎవరో బోరింగు కొడుతున్నారు. కొట్టడం ఆగింది, బిందె ఎత్తుకుపోయిన చప్పుడు కూడా వినపడింది. అప్పుడు పిన్ని తనలో తాను అనుకున్నట్టు, "చూపించాడు. వెయ్యమన్నాడు. తనే వెయ్యొచ్చు, వెయ్యలేదు," అంది. లేచి వంటింట్లోకి వెళ్ళింది. కాఫీ గ్లాసులు తెచ్చి పెట్టి, బాబాయి గ్లాసు ఆయన చేతికిస్తూ, "సోమవారం దుకాణానికి సెలవు పెట్టండి," అంది. బాబాయి గ్లాసు అందుకోలేకపోయాడు. కింద పెట్టించుకుని, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆదివారం ఆమె మళ్ళీ సాక్ష్యాలప్పుడు లేచింది. అది ఆపరేషన్ కంటే కష్టమని తర్వాత నాతో చెప్పింది. "దేవుడిచ్చిన మాట నిజమే. ఎట్టా చేస్తాడో నేను ఆయనకి చెప్పాను, అది నా పొరపాటు. రేపు ఆసుపత్రికి వెళ్తున్నాను. ప్రార్థన చేయండి," అని కూర్చుంది. చప్పట్లు లేవు. బయటికొచ్చాక ఒకామె, "ఏం టీచరమ్మగారూ, ఆయన సరిపోలేదా, డాక్టరు కూడా కావాల్సొచ్చిందా?" అంది. "ఆయనే పంపిస్తున్నాడమ్మా. నాకైతే ఆసుపత్రికి పోబుద్ధి కావట్లేదు," అని జవాబు చెప్పి, చెప్పులు వెతుక్కుంది పిన్ని.

ఆసుపత్రిలో పక్క మంచం కోటమ్మది. కూచిపూడి పక్కన ఒక పల్లె. ఇంట్లో మగ్గం. భర్త నేస్తే ఆమె రాట్నం దగ్గర కూర్చుని నూలు కండెలు చుట్టేది. ఆమెదీ రొమ్ములో గడ్డే. పిన్నిదానికంటే పెద్దది, ముందునుంచీ ఉన్నది. మనిషి నల్లగా, పొడుగ్గా, నోటినిండా నవ్వుతో ఉండేది. చేతులు ఊరుకునేవి కావు. దుప్పటి అంచున ఊడిన దారం కనపడితే వేలికి చుట్టడం మొదలుపెట్టేది. ఎందుకు ఇంత ఆలస్యం చేశావని పిన్ని అడిగితే, "మొదట పెళ్ళిళ్ళ రోజులొచ్చినయ్యి వదినా, చీరలు ఇయ్యాలిగా. ఆనక అమ్మాయి పురుటికొచ్చింది. ఆనక మా ఆయనకి జొరం. నా గడ్డ వంతు ఇప్పుడొచ్చింది," అంది. పిన్ని తన కార్డు సంగతి చెప్తే పొట్ట పట్టుకుని నవ్వింది. "మీ దేవుడు నయం వదినా, చీటీ రాసిచ్చాడు. నాకు చీటీ ఇచ్చింది డాక్టరమ్మే, అదీ మందులకి." పిన్ని కూడా నవ్వింది. ఇద్దరూ ఒకే పళ్ళెంలో బత్తాయి ఒలుచుకుని తినేవాళ్ళు. ఆపరేషన్‌కి తీసుకెళ్ళే పొద్దున కోటమ్మ పిన్ని చెయ్యి పట్టుకుని, "నా పేరు కూడా చెప్పు వదినా ఆయనకి," అంది. పిన్ని బిగ్గరగానే ప్రార్థన చేసింది.

పిన్నికి రొమ్ము తీసేశారు, గడ్డ పూర్తిగా వచ్చేసింది. కోటమ్మకి జబ్బు అప్పటికే లోపలికి పాకిపోయిందట. కొద్దిరోజులుంచి ఇంటికి పంపించేశారు. ఆమె వెళ్ళే ముందు పిన్ని, అద్దం చట్రం నుంచి తీసి బైబిల్లో పెట్టుకొచ్చిన ఆ కార్డుని బయటికి తీసింది. ఇస్తుందనే అనుకున్నాను. వేళ్ళ మధ్య కాసేపు తిప్పి మళ్ళీ లోపల పెట్టేసింది. ఎందుకివ్వలేదని తర్వాత అడిగితే, "అది చూసుకుంటూ ఆమె రోజూ ఎదురుచూడదా. అట్టాంటి పని నేను చెయ్యలేను," అంది. బదులుగా ఇంటి నుంచి తెచ్చుకున్న మెత్తటి దుప్పటి ఆమెకి కప్పి పంపించింది. వానలు పడే రోజుల్లో, బాబాయి దుకాణానికి ఆ ఊరి చీరలు తెచ్చే మనిషి ద్వారా కోటమ్మ పోయిన సంగతి తెలిసింది.

పిన్ని అప్పటికి కోలుకుని ఇంట్లో తిరుగుతోంది. విన్నాక అన్నం ముట్టలేదు. ఆ గురువారం తనూ నాతో పటమట వచ్చింది. కూర్చుంటూనే అడిగింది.

"మాస్టారూ, ఇద్దరికీ ఒకే గడ్డ. ఇద్దరి పేర్లూ ఒకే ప్రార్థనలో చెప్పాను. ఒకే డాక్టరమ్మ. ఆ మాట ఆమె దగ్గరకెందుకు రాలేదు?"

మాస్టారు నన్ను యిర్మీయా తీయమన్నారు. ప్రవక్త కుమ్మరి కుండని జనం ముందు పగలగొట్టే చోటు. మళ్ళీ బాగుచేయడానికి వీలులేని కుండ అని అక్కడ ఉంది. బాగుచేయడం అన్న చోట హెబ్రీలో చూశాను. అదే రాఫా.

"ఆ మాట ఈ ఇంట్లో కూడా ఉందమ్మా. అతకదు అని చెప్పే చోట. ఆ కుండ కథ వేరు, కోటమ్మ కథ వేరు. దీంతో ఆమెకి లంకె పెట్టను. ఆ మాటకి తెలియని దుఃఖం లేదని మాత్రం చూపిస్తున్నా. ఎందుకన్నది నాకు తెలియదు. ఇన్నేళ్ళు చదివినా తెలియలేదు," అన్నారు.

పిన్ని తలూపింది. ఆయన తెలియదన్నందుకే ఆమెకి ఆయన మీద గౌరవం పెరిగిందని నేననుకుంటాను. మజ్జిగ తాగి బస్సెక్కాం.

ఆ తర్వాత పిన్ని రెండువేల సంవత్సరం దాటాక కూడా చాలాకాలం బతికింది. నా పెళ్ళి చేసింది, నా పిల్లలకీ అదే వరండాలో ఒత్తులు దిద్దించింది. చివరికి ముసలితనంతోనే పోయింది. మాస్టారు అంతకుముందే పోయారు. ఇప్పుడు నేను ఆదివారం మధ్యాహ్నం కొందరు ఆడవాళ్ళకి మాటల పుట్టుకలు చెప్తుంటాను. ఫోనులో ఒక మాట మీద వేలు పెడితే హెబ్రీ, దాని అర్థం, అది ఉన్న చోట్లన్నీ కళ్ళముందుకి వచ్చేస్తాయి. మాకు వారాలు పట్టిన పని రెప్పపాటులో అయిపోతోంది. మంచిదే. ఇంత సులువు చేసినవాళ్ళకి కృతజ్ఞతే. కానీ మావాళ్ళు అర్థం దొరకగానే ఫోను మూసేస్తారు. ఇళ్ళ చిరునామాలన్నీ చేతిలో ఉన్నాయి, వెళ్ళేవాళ్ళే తక్కువ. మేము ఆ చీమతలకాయ అక్షరాల్లో వెతుక్కుంటూ, దారిలో ఆ చుట్టుపక్కల కథలన్నీ చదవాల్సి వచ్చేది. మాట అర్థం తెలుసుకుని పిన్ని మారలేదు. మాట చుట్టూ ఉన్న మనుషుల్ని, నీళ్ళని, మోషే చేతిని చూసి మారింది. అందుకే నా దగ్గరికొచ్చేవాళ్ళతో ఇప్పటికీ వంతులవారీగా చదివిస్తాను, చదివాక ప్రశ్నలడుగుతాను. కొందరు విసుక్కుంటారు, అయినా వస్తారు.

పిన్ని బతికినన్నాళ్ళూ పొద్దుటి ప్రార్థనలో, తన ఆరోగ్యం కోసం వందనాలు చెప్పిన వెంటనే ఒక పేరు చెప్పేది. చచ్చిపోయినవాళ్ళ కోసం ప్రార్థించడం మా సంఘంలో లేదు. ఒకాయన అది తప్పని చెప్తే, "నేనేమీ అడగట్లేదయ్యా, గుర్తుచేస్తున్నానంతే," అంది. తాను బాగుపడిందని చెప్పుకునే ప్రతిసారీ బాగుపడనామె పేరు కూడా పక్కన ఉండాలని ఆమె పట్టు. లేకపోతే సాక్ష్యం సగమే అవుతుందనేది. పిన్ని పోయాక ఆ పేరు నేను చెప్తున్నాను. కోటమ్మ ఇంటివాళ్ళు మగ్గం మానేసి ఎటో వెళ్ళిపోయారని విన్నాను, ఎక్కడున్నారో తెలియదు. నా ఊపిరి సంగతి నాకు తెలుసు, నేనూ ఎంతోకాలం చెప్పలేను. ఇంతదాకా చదివిన మిమ్మల్ని ఒకటే అడుగుతున్నాను. మీరు ఏ దేవుడికి దణ్ణం పెట్టుకునేవారైనా, ఒంట్లో బాగున్న ఒక పొద్దున, మంచం దిగేముందు, కండెలు చుట్టే కోటమ్మని ఒక్కసారి తలుచుకోండి.